గాలి బరువు - వాన రాక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగనాడు గాలివానల ప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. కాని ఈ సీమలో ఇద్దరు మనుష్యులు ఒకచోట కూడినచో మొదట వచ్చు ప్రశ్న వానను గూర్చినదే. దర్శి, పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో మెట్టసేద్యము మిక్కుటము. సాగరు కాలువ నీరు అందిన పొలములు కొన్ని, అందనివి యెన్నో. చెరువు నిండుటయు, బోరులో నీరు నిలుచుటయు, కంది పూతకు వచ్చుటయు, శనగ మొలచుటయు వాననే నమ్ముకొని యున్నవి. "ఉత్తర చూచి ఎత్తర గంప" అని పెద్దలు చెప్పిరి. ఉత్తర కార్తెలో గూడ వాన పడకున్నచో గంప నెత్తిన బెట్టుకొని ఊరు విడువవలసినదే యని దాని భావము. కాపురమును కదలించుటయా, మానుటయా అను నిర్ణయమును ఒక్క కార్తెకు కట్టిన సామెత యిది. అంతటి నిర్ణయము వెనుక నున్న ప్రకృతి వ్యవహారమును కొంత తెలిసికొనుటయే నేటి ఉపన్యాస విషయము.

అల్పపీడనము, వాయుగుండము, ద్రోణి అను మాటలు రేడియోలోను, పత్రికలలోను, చేతిఫోనులలోను నిత్యము వినబడుచున్నవి. అవి యెక్కడ నున్నచో ముండ్లమూరులో వాన కురియును, ఎక్కడ నున్నచో ఎండ కాయును అను సంగతి తెలియనిచో ఆ మాటలు చెవిన పడి పోవుటయే గాని చేనికి ఉపకరింపవు.

మొట్టమొదట తెలియవలసినది గాలికి బరువు కలదను మాట. పొడవు 5 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు గల గదిలో నిండియున్న గాలిని తూచగలిగినచో అది సుమారు 70 కిలోలు తూగును. అనగా ఇంచుమించు ఒక ధాన్యపు బస్తా యెత్తు. భూమి చుట్టును అనేక కిలోమీటర్ల యెత్తువరకు ఇట్టి గాలి పొరలు పొరలుగా పేరుకొని యున్నది. దాని భారము నేలపై ప్రతి చదరపు సెంటీమీటరునకును సుమారు ఒక కిలో చొప్పున పడుచున్నది. శరీరములోపల నుండియు అంతే బలము ఎదురు నిలుచుటచేత ఆ భారము మనుష్యులకు తెలియదు.

ఈ భారమును కొలుచు సాధనమును 1643వ సంవత్సరమున ఇటలీ దేశీయుడగు టారిచెల్లి కనిపెట్టెను. ఒక కొన మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందుగా నిలిపినచో, గొట్టములోని రసము సుమారు 76 సెంటీమీటర్ల యెత్తున నిలుచును. తొట్టిపై పడు గాలి భారమే దానిని నిలిపియుంచును. 1648లో ఫ్రాన్సు దేశమున పాస్కల్ అను శాస్త్రజ్ఞుని బావగారు ఆ గొట్టమును ఒక కొండపైకి మోసికొని పోయి, పైకెక్కిన కొలది రసము దిగుచున్నదని నిరూపించెను. పైనున్న గాలి తగ్గినచో బరువు తగ్గుట సహజమే కదా. ఈ యంత్రమునకే బారోమీటరు, లేక భారమితి యని పేరు. నేటి లెక్కలలో సముద్రమట్టమున గాలి పీడనము సగటున 1013 మిల్లీబారులు. వార్తలలో వినవచ్చు హెక్టోపాస్కల్ అనునది మిల్లీబారునకు మారుపేరు మాత్రమే.

ఈ పీడనము అన్ని చోట్ల, అన్ని వేళల ఒక్కటిగా నుండదు. వేసవి మధ్యాహ్నమున ఒక బానలో నీరును, ఒక బానలో ఇసుకను పోసి యెండలో నుంచి, కొంతసేపటికి చేయి పెట్టి చూచినచో ఇసుక కాలును, నీరు గోరువెచ్చగా నుండును. నేలకును సముద్రమునకును ఇదే భేదము. కాగిన నేలపై గాలి వేడెక్కి, వ్యాకోచించి, తేలికపడి పైకి లేచును. అచట పీడనము తగ్గును. దీనినే అల్పపీడన ప్రదేశ మందురు. చల్లగా నున్నచోట గాలి బరువెక్కి క్రిందికి దిగును. అది అధికపీడన ప్రదేశము. మిట్టనుండి పల్లమునకు నీరు పారినట్లు అధికపీడనము గల చోటినుండి అల్పపీడనము గల చోటికి గాలి పారును. ఆ పారుటయే గాలి వీచుట. సాయంకాలమున ఒంగోలు తీరమున వీచు సముద్రపు గాలి దీనికి దినదినము కనబడు దృష్టాంతము.

అల్పపీడనమునకును వానకును గల సంబంధము ఇట్టిది. నలుదిక్కులనుండి వచ్చి చేరిన గాలికి క్రిందికి పోవుటకు దారి లేదు. కావున పైకి లేచును. పైకి పోయిన కొలది దానిపై బరువు తగ్గి అది వ్యాకోచించును. వ్యాకోచించిన గాలి చల్లబడును. చల్లబడిన గాలి తాను మోయుచున్న నీటి ఆవిరిని పట్టియుంచలేక సన్నని తుంపరలుగా విడుచును. అవే మబ్బులు. తుంపరలు కూడి బరువెక్కినచో వాన. అధికపీడన ప్రదేశమున దీనికి సరిగా వ్యతిరేకము జరుగును. పైనుండి దిగు గాలి నలుగుడుపడి వేడెక్కి పొడిబారును. ఆకాశము నిర్మలముగా నుండును. కనుక అల్పపీడనము వానకు అనుకూలము. అధికపీడనము ఎండకు అనుకూలము. అయితే పైకి లేచు గాలిలో ఆవిరి యుండవలెను. ఆవిరి లేని చోట అల్పపీడన మున్నను వాన పడదు. మే నెలలో రాజస్థాన్ ఎడారిపై నేర్పడు అల్పపీడనము ఎంత బలమైనదైనను అచట దుమ్మే లేచును గాని చినుకు రాలదు.

ఇక భూభ్రమణమును గూర్చి ఒక మాట. భూమి పడమరనుండి తూర్పునకు తిరుగుచుండుటచేత కదలుచున్న గాలి తిన్నగా పోక, ఉత్తరార్ధగోళములో తన కుడిచేతివైపునకు ఒరగును. ఆ కారణమున అల్పపీడనము వైపునకు పరుగిడు గాలి సూటిగా దాని నడిబొడ్డునకు చేరలేదు. దాని చుట్టును అపసవ్యముగా, అనగా గడియారపు ముల్లునకు ఎదురుగా, సుడి తిరుగును. ఈ సుడి తెలిసినవారికి ఒక సులభోపాయము కలదు. హాలండు దేశీయుడగు బైస్ బాలట్ 1857లో దీనిని సూత్రముగా ప్రకటించెను. గాలికి వీపు నిచ్చి నిలుచున్నచో అల్పపీడనము ఎడమచేతివైపున, కొంచెము ముందునకు ఉండును. ఏ యంత్రమును అక్కరలేదు. అయితే చెట్లు, ఇండ్లు గాలిని మరల్చును గాన పొలము గట్టున నిలిచి, ఎత్తున పోవు మబ్బుల నడకను గూడ చూచి నిర్ణయింపవలెను.

పాశ్చాత్య గ్రంథములలో వాతావరణమును గూర్చి చదువువారికి "ఫ్రంట్" అను మాట తరచుగా కనబడును. తెలుగులో వాతాగ్రమని వ్యవహరించుచున్నారు. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులలో నార్వే దేశమందలి బెర్గెన్ నగరమున విల్‌హెల్మ్ బ్యెర్క్నెస్, ఆయన కుమారుడు యాకొబ్ బ్యెర్క్నెస్, వారి సహచరులు ఈ భావమును రూపొందించిరి. ఉత్తరధ్రువమువైపునుండి వచ్చు శీతల వాయురాశియు, దక్షిణమునుండి వచ్చు ఉష్ణ వాయురాశియు రెండు సేనలవలె ఎదురుపడి నిలుచు సరిహద్దు అది. యుద్ధభూమిలో సేనల ముఖమునకు వాడు మాటనే వారు దీనికి పెట్టిరి. బరువైన చల్లగాలి వేడిగాలి క్రింద గునపమువలె దూరి దానిని ఎత్తివేసినచో ఉరుములతో జడివాన కురియును. వేడిగాలి చల్లగాలిపై మెల్లగా ప్రాకినచో దినముల తరబడి ముసురు పట్టును. ఐరోపా, అమెరికా దేశముల వానలలో అధికభాగము ఈ సరిహద్దుల వెంబడి కురియునవే.

అట్టి వాతాగ్రములు తెలుగునాటికి రావు. అంతటి చలిగాలియు, అంతటి వేడిగాలియు ఎదురుపడు ప్రదేశము కాదిది. శీతకాలమున మధ్యధరా సముద్రమువైపునుండి వచ్చు పడమటి కల్లోలములు కాశ్మీరమున మంచును, పంజాబు గోధుమచేలకు వానను ఇచ్చి హిమాలయముల వెంట పోవును. కాని ఆ సూత్రమునకు చిన్నపాటి నిదర్శనములు ఇచ్చటను కలవు. ఏప్రిలు, మే నెలలలో దక్కను పీఠభూమినుండి వచ్చు పొడి పడమటిగాలియు, బంగాళాఖాతమునుండి వచ్చు తడిగాలియు ఒక గీత వెంబడి కలిసికొనును. వాతావరణ ప్రకటనలలో ఆ గీతనే ద్రోణి యని చెప్పుదురు. దాని దాపున మధ్యాహ్నమువేళ మబ్బులు కొండలవలె పెరిగి, సాయంకాలమునకు ఈదురుగాలి, పిడుగులు, ఒక్కొక్కప్పుడు వడగండ్లు కురియును. ఆ వానకు ముందు ఒక్కసారిగా వీచు చల్లగాలిని ఎరుగని పల్లెవాసి లేడు. మబ్బులోనుండి వానతో జారిపడిన చల్లగాలి నేలమీద పరచుకొని, ఎదుట నున్న వేడిగాలిని నెట్టుకొని వచ్చుటయే అది. నార్వే పండితులు చెప్పిన శీతల వాతాగ్రమునకు ఊరంత నమూనా. ఆ గాలి తగిలినదనగా పిడుగు మేఘము దగ్గరనే యున్నదని తెలిసికొని, పశువులను మేపువారు, చేలలో పనిచేయువారు చెట్టు నీడను విడిచి పక్కా కట్టడమును చేరవలెను.

ఇప్పుడు ఋతుపవనములకు వత్తము. మే, జూను నెలలలో వాయవ్య భారతమును, పాకిస్తాను భూములును మిక్కిలి కాగి అచట అల్పపీడనము నెలకొనును. అదే కాలమున దక్షిణ హిందూ మహాసముద్రమున మారిషస్ దీవికి దక్షిణముగా అధికపీడనము బలముగా నుండును. ఆ యెత్తునుండి ఈ పల్లమునకు బయలుదేరిన గాలి భూమధ్యరేఖను దాటి, కుడివైపునకు ఒరగి, నైరుతి పవనమై సాధారణముగా జూను 1వ తేదీ ప్రాంతమున కేరళమును తాకును. నేలకు, సముద్రమునకు గల వేడిమి భేదమే దీనికి మూలమని 1686లోనే ఇంగ్లండు దేశపు ఎడ్మండ్ హేలీ వ్రాసెను. తోకచుక్క పేరున లోకమునకు తెలిసిన హేలీ ఈయనయే.

నైరుతి పవనము తెచ్చిన నీటిలో పెద్దవాటా పడమటి కనుమలే దోచుకొనును. కనుమలకు పడమట మంగళూరు తీరమున ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైబడి వాన కురియును. కొండ నెక్కిన గాలి నీటిని విడిచి, ఇవతలికి దిగునపుడు వేడెక్కి పొడిబారును. ఆ పొడిగాలి రాయలసీమను దాటి నల్లమలను మరల ఎక్కి దిగి ఈ సీమకు చేరును. గిద్దలూరు, మార్కాపురము, దర్శి ప్రాంతములు వాననీడలో నున్నవనుటకు అర్థ మిదియే. ప్రకాశము జిల్లా 1970లో ఏర్పడిననాటి విస్తీర్ణమునకు సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 870 మిల్లీమీటర్లు. అందులో జూను మొదలు సెప్టెంబరు వరకు కురియునదియు, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియునదియు ఇంచుమించు సమానము. కృష్ణకు ఆవల తెలంగాణమున నైరుతి కాలముననే ముక్కాలుకు మించిన వాన ముగియును. ఇచట మాత్రము సగము వాన ఉత్తర కార్తె దాటిన తరువాతనే. కనుక ఉత్తరతో ఆశ వదలుకొనుట ఈ నేలకు పూర్తిగా పొసగదు. హస్త, చిత్త, స్వాతి కార్తెలలో సముద్రముమీద ఏమి జరుగునో దానినిబట్టి శనగ చేలును, పొగాకు తోటలును, మిరప చేలును ఫలించును.

నైరుతి కాలములోనే వరపులు వచ్చుటకును పీడనమే కారణము. వర్షాకాలమున రాజస్థానునుండి గంగామైదానము మీదుగా బంగాళాఖాతము వరకు ఒక అల్పపీడన ద్రోణి సాగియుండును. అది తన సహజస్థానమున నుండి, బంగాళాఖాతమున అల్పపీడనములు పుట్టుచున్నచో కోస్తాకు మంచి వానలు. ఆ ద్రోణి ఉత్తరమునకు జరిగి హిమాలయ పాదములను చేరినచో అస్సాము, బీహారులలో వరదలు వచ్చును; దక్షిణాపథములో చాలవరకు వరపు పట్టును. జూలై, ఆగస్టులలో కంది, ప్రత్తి చేలు వాడుముఖము పట్టియుండగా ఉత్తరాదిన నదులు పొంగుచున్న వార్త పత్రికలో కనబడుట పలుమారు జరుగుచున్నది. ఆ రెండింటికి కారణ మొక్కటే.

అక్టోబరు నాటికి ఉత్తరభూములు చల్లబడును. అచట పీడనము పెరుగును. అల్పపీడన ద్రోణి దక్షిణ బంగాళాఖాతమునకు దిగివచ్చును. గాలి దిక్కు మారి ఈశాన్యమునుండి వీచును. భూమిపైనుండి వచ్చు ఆ గాలి బంగాళాఖాతము మీదుగా ప్రయాణించి నీటిని నింపుకొని తెలుగు, తమిళ తీరములను చేరును. ఈ కాలముననే బంగాళాఖాతమున అల్పపీడనములు ముదిరి తుఫానులగును. సముద్రజలము కనీసము 26 డిగ్రీలకు పైగా వెచ్చగా నుండవలెను. భూమధ్యరేఖకు కొంత దూరము కావలెను. పై ఆకాశమున గాలులు మేఘపు గోపురమును నరికివేయునంత వేగముగా నుండరాదు. ఈ మూడును కూడివచ్చు కాలము ఏటికి రెండు మారులు: ఏప్రిలు, మే నెలలలో ఒకటి, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఒకటి.

అల్పపీడనము ముదురుటలో గల మెట్లు గాలివేగమునుబట్టి నిర్ణయింపబడినవి. సుడిగాలి వేగము గంటకు 31 కిలోమీటర్ల లోపు నున్నచో అది అల్పపీడనము. 31 మొదలు 49 వరకు వాయుగుండము. 50 మొదలు 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 చేరినచో తుఫాను. 89 చేరినచో తీవ్ర తుఫాను. 118 చేరినచో అతి తీవ్ర తుఫాను. అంతకంటె పై మెట్లును కలవు. పుట్టిన ప్రతి అల్పపీడనమును తుఫాను కాదు. చాలవరకు మొదటి మెట్లలోనే వాన కురిపించి సమసిపోవును. మెట్టసీమకు మేలు చేయునవి అవియే. అల్పపీడన మను మాట వినగానే భయపడుట యెంత పొరపాటో, తుఫాను అను మాట విని లెక్కచేయకుండుట అంత పొరపాటు.

అల్పపీడన మెక్కడ నున్నచో ముండ్లమూరునకు వాన? ఈ గ్రామము 16 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు దాపున నున్నది. తీరమునకు తూర్పుగా గాని, ఆగ్నేయముగా గాని, నెల్లూరు, చెన్నై తీరములకు ఎదురుగా గాని అల్పపీడన మున్నచో అపసవ్యముగా తిరుగు గాలి సముద్రముమీదుగా ఈశాన్యమునుండియో తూర్పునుండియో ఈ సీమకు వచ్చును. అది నీటిగాలి, వాన తెచ్చును. అదే అల్పపీడనము ఉత్తరమునకు పోయి ఒడిశా తీరమువైపు మరలినచో దాని సుడి ఈ సీమకు పడమటిగాలిని, వాయవ్యపుగాలిని లాగును. అది నేలగాలి, పొడిది. బంగాళాఖాతమున తుఫాను ఉన్నదని వార్త వచ్చుచుండగా ఇచట ఆకాశము తేటపడి యెండ చురచురలాడుటకు కారణ మిదియే. మే నెలలో నైనచో అట్టి తుఫాను సముద్రపుగాలిని అడ్డి వడగాడ్పులను గూడ పెంచును. 2015 మే నెలలో పడమటి పొడిగాలులు పట్టి వీడకుండుటచేత ఆంధ్రప్రదేశములోనే వేయిమందికి పైగా వడదెబ్బకు మరణించిరి. వానను గాని వడను గాని తెచ్చునది గాలి వచ్చిన దిక్కు.

తుఫాను దాటుచున్న వేళ గాలి మారు తీరునుబట్టి దాని దారిని గూడ గ్రహింపవచ్చును. గాలి ఈశాన్యమునుండి తూర్పునకు, తూర్పునుండి ఆగ్నేయమునకు మారుచున్నచో తుఫాను దక్షిణముగా దాటుచున్నది. ఈశాన్యమునుండి ఉత్తరమునకు, పిదప వాయవ్యమునకు మారుచున్నచో ఉత్తరముగా దాటుచున్నది. దిక్కు మారక బలము మాత్రము పెరుగుచున్నచో అది తిన్నగా వచ్చుచున్నదని భావింపవలెను. నడిబొడ్డు, అనగా తుఫాను కన్ను, తలమీదికి వచ్చినచో గాలి ఒక్కసారిగా ఆగిపోవును. తుఫాను తొలగినదని తలచి బయటికి వచ్చినవారు కొంతసేపటికి ఎదురుదిక్కునుండి విరుచుకుపడు గాలికి చిక్కుదురు.

తెలుగు తీరము చవిచూచిన తుఫానులు లోకచరిత్రకెక్కినవి. గోదావరీ ముఖమున నున్న కోరంగి రేవును 1789లోను, మరల 1839లోను ఉప్పెన ముంచివేసినది. ఆ వృత్తాంతములను సేకరించిన కలకత్తా వాసి హెన్రీ పిడింగ్టన్ 1848లో ప్రకటించిన నావికుల గ్రంథమున, చుట్టుకొనిన పామును స్ఫురింపజేయు గ్రీకు శబ్దమునుండి "సైక్లోన్" అను పదమును కల్పించెను. నేడు దేశదేశముల వాడుకలో నున్న ఆ మాటకు కోరంగి కన్నీరు కొంత కారణము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. అంతకు నెలలోపుననే కలకత్తా గూడ తుఫానుపాలైనది. ఆ దారుణములును, పిదప వచ్చిన కరవులును ప్రభుత్వమును కదలించగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది.

1977 నవంబరు 19వ తేదీని ఈ తీరమున మరచినవారు లేరు. ఆనాటి తుఫాను నడిబొడ్డున పీడనము సుమారు 943 మిల్లీబారులకు పడిపోయినదని అంచనా. సాధారణ పీడనముకంటె 70 మిల్లీబారులు తక్కువ. పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రము సుమారు ఒక సెంటీమీటరు పొంగును. ఆ లెక్కన 70 సెంటీమీటర్లే. కాని నీరు తాటియెత్తున లేచినదని చూచినవారు చెప్పిరి. అందుకు కారణము గాలి. పడమరగా సాగు తుఫానునకు ఉత్తరపు పార్శ్వమున గాలి సముద్రమునుండి భూమివైపునకు వీచును. గంటకు 200 కిలోమీటర్ల వేగముతో అది నీటిని తీరముపైకి నెట్టినది. తుఫాను దారికి ఉత్తరముగా, పల్లపు నేలయై యున్న దివిసీమ దానికి బలియైనది. సుమారు 10 వేలమంది ప్రాణములు కోల్పోయిరి. 1990 మే నెలలో అంతటి బలము గల తుఫానే కృష్ణా ముఖద్వారము దాపున తీరము దాటినది. ఆ మారు మృతులు వేయిమందికి లోపు. నడుమ గడచిన 13 సంవత్సరములలో ఉపగ్రహము వచ్చినది, తీరమున రాడార్లు నిలిచినవి, ముందుగా జనమును తరలించు ఏర్పాటు కుదిరినది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినపుడు ఈ జిల్లా చేలలో పొగాకు, శనగ, మిరప పైరులు నీట మునిగినవి. రైతు మిక్కిలి నష్టపోయెను. కాని 1977 నాటి ప్రాణనష్టము మరల కలుగలేదు. గాలి బరువును కొలుచు విద్యయు, ఆ కొలత చెప్పిన మాటను వినిన జనమును కలిసి సాధించిన ఫల మది.

2010 మే 20వ తేదీన లైలా తుఫాను బాపట్ల దాపున తీరము చేరి, నడివేసవిలో ఒంగోలు, అద్దంకి ప్రాంతములలో కుంభవృష్టి కురిపించినది. అట్టి సమయములలో నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఒక్క రాత్రిలో పొంగును. వాగు దాటుటకు తొందరపడినవారు కొట్టుకొనిపోవుట గాలివలన కలుగు మరణములకు ఏ మాత్రము తీసిపోదు. తీరమునకు దూరముగా నున్నామను ధైర్యము గాలి విషయమున కొంత చెల్లును గాని నీటి విషయమున చెల్లదు.

వాతావరణ ప్రకటనను చదువు పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. "ఒకటి రెండు చోట్ల" వాన యని చెప్పినచో వానకొలత కేంద్రములలో నాలుగవ వంతునకు మించకుండ వాన పడునని అర్థము. "కొన్ని చోట్ల" అనగా సగమువరకు. "పలుచోట్ల" అనగా ముక్కాలువరకు. "చాలాచోట్ల" అనగా అంతకు పైగా. ఒకటి రెండు చోట్ల యని విని తన చేను తడియలేదని శాస్త్రమును నిందించుట న్యాయము గాదు. "భారీ వర్షము" అనగా 24 గంటలలో సుమారు 65 మొదలు 115 మిల్లీమీటర్లు. "అతి భారీ" అనగా 204 వరకు. ఆపైన "అత్యంత భారీ". ఒక మిల్లీమీటరు వాన యెకరము నేలపై 4 వేల లీటర్ల నీరు. 65 మిల్లీమీటర్లు పడినచో ఎకరమునకు రెండున్నర లక్షల లీటర్లకు మించును. నల్లరేగడిలో శనగ విత్తిన మరునాడు అంత నీరు నిలిచినచో విత్తు కుళ్లును. కనుక ఆ కాలమున అల్పపీడనపు వార్త వినినచో రెండు మూడు దినములు విత్తు ఆపుట, నీరు పోవుటకు కాలువలు తీయుట, కోసిన పంటను కప్పుట వివేకము.

బారోమీటరు చూచువారికి ఒక హెచ్చరిక. ఈ దేశమున పీడనము ప్రతిదినము ఉదయము 10 గంటలకు, రాత్రి 10 గంటలకు కొంచెము పెరిగి, తెల్లవారుజామున 4 గంటలకు, సాయంకాలము 4 గంటలకు కొంచెము తగ్గును. సాయంకాలము రెండు మూడు మిల్లీబారులు దిగినంతమాత్రమున తుఫాను రాదు. నిన్న ఇదే వేళకు ఎంత యుండెను, నేడు ఎంత యున్నది యని పోల్చి చూడవలెను.

కార్తెలను నమ్ముట తగునా యని ప్రశ్న కలుగును. సూర్యుడు ఏ నక్షత్రమున నున్నాడో దానినిబట్టి కార్తె. ఋతువులకు కారకుడు సూర్యుడే కనుక తిథులకంటె కార్తెలు సేద్యమునకు మేలైన గుర్తులు. పెద్దల అనుభవము వాటిలో నిలిచియున్నది. అయితే భూమి అక్షము మెల్లగా కదలుటచేత నక్షత్రములకును ఋతువులకును నడుమ సుమారు 71 సంవత్సరముల కొక దినము చొప్పున తేడా పెరుగుచున్నది. వేయి సంవత్సరములలో అది 14 దినములు, అనగా ఒక కార్తె. అంతటి ప్రాచీనమైన సామెత యేదైన నున్నచో అది నేడు ఒక కార్తె ప్రక్కకు జరిగియుండును. మరియు కార్తె చెప్పునది పెక్కేండ్ల సగటు. ఈ యేటి సంగతి సముద్రముమీద నున్న పీడనము చెప్పవలెను. సముద్రజలములు మునుపటికంటె వెచ్చబడుచున్నవి. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్లు అధికముగా ఆవిరిని మోయగలదు. కురిసిన దినమున కుండపోతగా కురియుటయు, వాన దినముల నడుమ వరపు పెరుగుటయు అందువలన ఎక్కువగుచున్నది. "అదునెరిగి సేద్యము, పదునెరిగి పైరు" అన్నారు. అదును చెప్పుటకు కార్తె, పదును చెప్పుటకు నేల, రానున్న నాలుగు దినములను చెప్పుటకు వాతావరణ ప్రకటన. ఈ మూటిని కలిపి చూచిన రైతు మోసపోవుట తక్కువ.

ఇందులో గ్రంథాలయమునకు తగిన పని యొకటి కలదు. ఆవరణలో చెట్లకు, గోడలకు దూరముగా ఒక వానకొలత పాత్రను నిలుపవచ్చును. అది లేనినాడు నిలువు గోడలు, సమతలపు అడుగు గల డబ్బాయు, కొలబద్దయు చాలును. ప్రతి ఉదయము 8.30 గంటలకు, దేశమంతటను వాన కొలుచు వేళకే, నీటి యెత్తును కొలిచి ఒక పుస్తకమున వ్రాసి, డబ్బాను ఖాళీ చేయవలెను. ప్రక్కనే గాలి దిక్కును, ఆనాటి కార్తెను వ్రాయవలెను. వాతావరణ ప్రకటనను ఎత్తి గ్రంథాలయపు నల్లబల్లపై, చదువురాని వారికి చదివి వినిపించుటకు వీలుగా పెద్ద అక్షరములతో వ్రాయవలెను. చెన్నపట్టణపు నక్షత్రశాలలో 1796 మొదలు వాతావరణ వివరములు వ్రాసి యుంచినవారికి అవి యెవరికి పనికివచ్చునో తెలియదు. నేటి శాస్త్రజ్ఞులు వాతావరణపు మార్పులను నిర్ణయించుటకు అట్టి పాత పద్దులనే వెదకుచున్నారు.

ఇరువదియైదేండ్లుగా పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనిన ఈ గ్రంథాలయమున అట్టి పద్దు పుస్తక మొకటి చేరినచో, స్వర్ణోత్సవము నాటికి ముండ్లమూరు వానను గూర్చి ముండ్లమూరు వారే వ్రాసికొనిన గ్రంథము సిద్ధముగా నుండును. ఉత్తర కార్తె నాడు గంప యెత్తుటయా, విత్తనపు బస్తా విప్పుటయా అని తలపోయు రైతు దానిని తెరచి, గడచిన ఏండ్లలో హస్త యెన్ని మారులు కురిసినదో, చిత్త యెన్ని మారులు కురిసినదో తన కండ్లతో చూచుకొనగలడు. సకాలమున వానలు కురిసి, చెరువులు నిండి, సభాసదుల ఇండ్లు పాడిపంటలతో వర్ధిల్లుగాక.